భూమి చీలకుండా: మధ్యయుగ ఫ్రాన్సులో పెండ్లి, వారసత్వం

ఫ్యూడలిజం అనగానే మన విద్యార్థులకు గుర్తొచ్చేది చరిత్ర పుస్తకంలోని ఆ త్రికోణం బొమ్మ. కొసన రాజు, ఆయన కింద ప్రభువులు, వాళ్ల కింద గుర్రపు యోధులు, అట్టడుగున పొలం దున్నే సెర్ఫులు. పరీక్షలో ఆ బొమ్మ గీస్తే మార్కులు పడతాయి. కానీ ఆ బొమ్మలో ఆడవాళ్లు ఎక్కడా కనపడరు. చిన్న కొడుకులూ కనపడరు. పెండ్లి అనే మాటే ఉండదు. పైనున్నవాడు పైనే ఎట్లా నిలబడ్డాడు, వాడి తర్వాత వాడి కొడుకు అదే కోటలో ఎట్లా కూర్చున్నాడు అన్న ప్రశ్నకు ఆ త్రికోణం జవాబు చెప్పదు. కత్తి బలంతో భూమి దక్కొచ్చు. దక్కిన భూమిని నాలుగు తరాలు చేజారకుండా ఉంచడం మాత్రం కత్తి వల్ల కాదు. అది పెండ్లిళ్లతో, పంపకాలతో జరిగే పని. ఈ వ్యాసంలో ఆ పని ఎట్లా జరిగిందో చూద్దాం.

మనకు ఇదంతా ఎట్లా తెలిసిందంటే చర్చి మఠాల దస్తావేజుల వల్ల. బర్గండీ ప్రాంతంలో 910లో పుట్టిన క్లూనీ మఠం ఒక్కదానివే ఐదువేలకు పైగా దస్తావేజులు అచ్చయ్యాయి. భూమి దానం చేసినవాళ్లు, అమ్మినవాళ్లు, తగాదా పడ్డవాళ్లు, రాజీపడ్డవాళ్లు అందరూ వాటిలో ఉన్నారు. జార్జ్ ద్యుబి అనే చరిత్రకారుడు ఈ కాగితాలు చదివి, మాకోన్ చుట్టుపక్కల సమాజం గురించి 1953లో తన పెద్ద గ్రంథాన్ని వెలువరించాడు. ఆయనకంటే ముందు మార్క్ బ్లాక్ ఫ్యూడల్ సమాజం మీద పుస్తకం రాశాడు. 1944లో నాజీలు ఆయన్ని కాల్చి చంపారు. ఈ ఇద్దరినీ చదవకుండా ఈ విషయం మాట్లాడలేం. అయితే వాళ్లు చెప్పిందంతా వేదం అనుకోనక్కర లేదు, ఆ సంగతి తర్వాత.

పదో శతాబ్దంలో పెద్ద కుటుంబాలకు వంశం అనే ఊహ గట్టిగా ఉన్నట్టు లేదు. తల్లివైపు చుట్టాలు, తండ్రివైపు చుట్టాలు, బావమరుదులు అందరూ కలిసిన ఒక పెద్ద బంధుగుంపు ఉండేది. తండ్రి చనిపోతే కొడుకులు పంచుకునేవారు, కూతుళ్లకూ వాటా ముట్టేది. రాజు బలహీనపడి, కోట ఎవడి చేతిలో ఉంటే అధికారం వాడిదే అయ్యే కాలం వచ్చాక సంగతి మారింది. కోటను ముక్కలు చేసి పంచలేం కదా. సగం బురుజు నీకు, సగం బురుజు నాకు అంటే రెండిళ్లూ మునుగుతాయి. పదకొండో శతాబ్దం నుంచి పెద్ద కుటుంబాలు తండ్రి, కొడుకు, మనుమడు అనే నిలువు వరసగా తమను తాము లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాయి. కోట పేరే ఇంటిపేరయింది. మనిషికి భూమి ఉండటం పోయి, భూమికే మనుషులు ఉండటం మొదలైందన్నా తప్పు లేదు.

అయినా భూమి తండ్రి ఒక్కడి సొత్తు కాలేదు. మఠానికి ఒక చెక్క దానం చెయ్యాలన్నా భార్య, కొడుకులు, కూతుళ్లు, తమ్ముళ్లు, ఒక్కోసారి మేనల్లుళ్లు కూడా ఒప్పుకున్నట్టు దస్తావేజులో రాయించేవారు. ఉయ్యాల్లో ఉన్న పిల్లవాడి ఒప్పుదల కూడా రాసినవి ఉన్నాయి. ఒప్పుకున్నందుకు ఒకరికి నాలుగు నాణేలు, ఒకరికి గుర్రం, ఇంట్లో ఆడవాళ్లకు ఒక తొడుగు ఇచ్చిన దాఖలాలు కనిపిస్తాయి. ఇదేదో ప్రేమతో చేసింది కాదు. ఒప్పుకోనివాడు ఇరవయ్యేళ్ల తర్వాత వచ్చి 'మా తాత భూమి' అని మఠం మీద దావా వేస్తాడు, లేకపోతే మఠం పశువుల్ని తోలుకుపోతాడు. సన్యాసులకు ఆ భయం ఉంది, అందుకే అంత జాగ్రత్త.

మనవాళ్లకు పిత్రార్జితం, స్వార్జితం అనే తేడా చెప్పనక్కర లేదు. ఉత్తర ఫ్రాన్సు ఆచారాల్లో సరిగ్గా ఈ తేడానే ఉండేది. బోవేజి ప్రాంతపు ఆచారాలను 1283లో గ్రంథంగా రాసిన ఫిలిప్ ద బోమన్వార్ అనే రాజోద్యోగి చెప్పిన లెక్క ఇది: మనిషి తన స్వార్జితాన్ని, చరాస్తిని వీలునామాలో ఎవరికైనా రాసుకోవచ్చు, పిత్రార్జితంలో మాత్రం ఐదో వంతుకు మించి బయటికి పోవడానికి వీల్లేదు. పిత్రార్జితం అమ్ముకున్నా, దాయాదులు ఏడాది మీద ఒక్కరోజు లోపల అదే ధర కట్టి వెనక్కి తీసుకోవచ్చు. పిల్లలు లేకుండా చనిపోతే తండ్రివైపు నుంచి వచ్చింది తండ్రివైపు వాళ్లకు, తల్లివైపు నుంచి వచ్చింది తల్లివైపు వాళ్లకు పోతుంది. భార్యకు పోదు. భార్య ఈ లెక్కలో ఎప్పటికీ పరాయి ఇంటి మనిషే.

పంపకం ఎట్లా? బోమన్వార్ ప్రకారం యోధుల భూమి, అంటే కొలువుకు బదులు దక్కిన ఫీఫు అయితే పెద్దకొడుక్కు అసలు ఇల్లూ, భూమిలో మూడింట రెండొంతులూ. మిగిలిన ఒక్క వంతును తమ్ముళ్లు, చెల్లెళ్లు పంచుకోవాలి, పైగా దానికోసం అన్నకు చేతులు జోడించి విధేయత చెప్పాలి. కొడుకులు లేకపోతే కూతుళ్లు సమానంగా పంచుకుంటారు, పెద్దకూతురికి ఇల్లు అదనం. ఇక మామూలు రైతు భూమి అయితే పెద్దా చిన్నా లేదు, అందరికీ సమానం. ఇది గమనించాలి. పెద్దరికం అనేది 'ఫ్రెంచి సంస్కృతి' కాదు, 'యూరపు సంప్రదాయం' కాదు. అది పాలించే వర్గం తన భూమికోసం కట్టుకున్న గోడ. ఒకే ఊళ్లో, ఒకే భాషలో, ఒకే దేవుణ్ణి మొక్కేవాళ్లకు రెండు వారసత్వాలు.

ప్రాంతాన్ని బట్టి కూడా తేడాలున్నాయి. బ్రిటనీలో 1185లో జెఫ్రీ ప్రభువు పెద్ద జమీలనూ యోధుల భూముల్నీ ఇకమీదట చీల్చకూడదని శాసనం చేశాడు. కొన్నిచోట్ల తమ్ముళ్లు అన్న కింద భూమి అనుభవించేవారు, పైప్రభువుకు అన్న ఒక్కడే జవాబుదారు. దీనివల్ల పైప్రభువుకు తన కింద ఎవరున్నారో తెలియకుండా పోతోందని 1209లో రాజు ఫిలిప్ ఆగస్టస్ అడ్డుపడి, చీలిన ప్రతి ముక్కా నేరుగా పైప్రభువు కిందికే రావాలన్నాడు. షాంపేన్‌లో 1212లో కౌంటెస్ బ్లాంష్ తన సామంతులతో కూర్చుని, కొడుకులు లేని ఇంట కోటలు కూతుళ్ల మధ్య ఎట్లా పంచాలో తేల్చింది: ముందు పెద్దకూతురు ఒక కోట ఎంచుకుంటుంది, తర్వాత రెండోది. కుటుంబం ఒకటి కోరుకుంటుంది, రాజు ఇంకొకటి. ఆచారం అని మనం అనుకునేది చాలాసార్లు ఈ రెంటి బేరమే.

ఇప్పుడు చిన్నకొడుకుల సంగతి. అన్నకు కోట దక్కింది. మరి మిగిలినవాళ్లు? ఒకరిద్దరిని చర్చిలో పెట్టేవారు. మిగిలినవాళ్లు గుర్రం, కవచం, నలుగురు స్నేహితులతో ఊళ్లు పట్టి తిరిగేవారు. పోటీ యుద్ధాల్లో గెలిచి, ఓడినవాడి గుర్రాన్ని అమ్ముకుని బతికేవారు. అప్పటి లాటిన్ రాతల్లో వీళ్లను 'కుర్రవాళ్లు' అంటారు. ఈ కుర్రతనానికి వయసుతో పనిలేదు. పెండ్లయి, ఇల్లు దక్కేదాకా ముప్పయ్యేళ్లొచ్చినా కుర్రవాడే. విలియం మార్షల్ కథ చాలామందికి తెలిసిందే. చిన్నకొడుకు, భూమి లేనివాడు, ఉత్తర ఫ్రాన్సు మైదానాల్లో పోటీలు గెలుస్తూ పేరు తెచ్చుకున్నాడు. 1189లో, నలభై దాటాక, రాజు దయవల్ల ఇసబెల్ అనే వారసురాలితో పెండ్లయింది. ఆమెకు ఇంకా ఇరవై కూడా నిండలేదు. ఆమెతో పాటు ఇంగ్లండు, వేల్సు, ఐర్లండు, నార్మండీలలో భూములొచ్చాయి. అంటే ఒకరకం ఇల్లరికం. ఆమెకు ఇష్టమా అని అడిగినవాళ్లు లేరు.

కొడుకుల్లో చాలామందికి పెండ్లి లేదు, కూతుళ్లందరికీ పెండ్లి చెయ్యాలి. ఈ తూకం కుదరదు కదా. అందుకని ప్రభువులు తమ కూతుళ్లను తమకంటే తక్కువ స్థాయి సామంతులకిచ్చేవారు. భర్త కంటే భార్య పుట్టినిల్లు గొప్పది కావడం ఆ కాలంలో మామూలు. ఇక్కడ మన పాఠకులకు 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేద్కర్ చదివిన పేపరు గుర్తుకు రావచ్చు. ఒక గుంపు తనలో తానే పెండ్లి చేసుకోవాలని నియమం పెట్టుకుంటే మిగిలిపోయిన మగవాడు, మిగిలిపోయిన ఆడది ఆ గుంపుకు సమస్య అవుతారని ఆయన లెక్కగట్టి చూపాడు. ఫ్రాన్సులో మిగిలిపోయిన మగవాడు ఉన్నాడు గానీ కారణం వేరు. అతన్ని మిగిల్చింది భూమి, కులం కాదు. పైగా అక్కడి మతం దగ్గరి పెండ్లి వద్దని గొడవపెట్టింది. రెండింటినీ ఒకటే 'ఫ్యూడలిజం' అని పిలిస్తే రెండూ అర్థం కావు.

ఆ చర్చి గొడవ ఏమిటో చూద్దాం. పదకొండో శతాబ్దం నుంచి చర్చి పెండ్లిని తన చేతిలోకి తీసుకుంది. పెండ్లికి ఇద్దరి సమ్మతి ఉండాలి, ఒకసారి అయితే విడిపోకూడదు, ఏడు తరాల దాకా రక్తసంబంధం ఉంటే చెల్లదు. ఏడు తరాలంటే ఆ పెద్దకుటుంబాల్లో ఎవరూ ఎవరికీ పనికిరారు. ఈ నియమం ఎంత కఠినమో అంత సౌకర్యం కూడా. భార్య వద్దనుకుంటే ముత్తాతల జాబితా తీస్తే చాలు, ఎక్కడో ఒకచోట చుట్టరికం తగులుతుంది. 1137లో అకితేన్ వారసురాలు ఎలినోర్ ఫ్రాన్సు యువరాజు లూయీని చేసుకుంది. కొడుకులు పుట్టలేదు, ఇద్దరు కూతుళ్లు. 1152 మార్చిలో బోజాన్సీలో బిషప్పులు కూర్చుని చుట్టరికం పేరుతో పెండ్లి రద్దుచేశారు. ఎనిమిది వారాల తర్వాత ఆమె నార్మండీ ప్రభువు హెన్రీని చేసుకుంది. ఆయనతోనూ ఆమెకు అంత దగ్గరి చుట్టరికమే ఉంది. ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు. 1154లో హెన్రీ ఇంగ్లండు రాజయ్యాడు, నైరుతి ఫ్రాన్సు అంతా ఆమెతో పాటు అటు పోయింది. 1215లో లాటరన్ సభ ఏడు తరాల్ని నాలుగుకు తగ్గించింది.

ఎలినోర్ కథ అందరూ చెప్తారు. అంతకంటే మనకు ఎక్కువ చెప్పేది మోంపెలియె మారీ కథ.

దక్షిణాన మోంపెలియె ఒక ధనిక వర్తక పట్టణం. దాని ప్రభువు ఎనిమిదో గియోమ్, కాన్‌స్టాంటినోపుల్ రాజకుటుంబపు ఆడపిల్ల యుదోకియాను చేసుకున్నాడు. మొదటి బిడ్డ ఆడైనా మగైనా మోంపెలియె ఆ బిడ్డకేనని పెండ్లినాటి ఒప్పందం. పుట్టింది మారీ. కొడుకు కావాలని తండ్రి 1187లో యుదోకియాను వదిలేసి మఠానికి పంపి, ఆగ్నెస్ అనే ఆమెను తెచ్చుకున్నాడు. ఆమెకు కొడుకులు పుట్టారు. ఇక మారీ అడ్డం. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడే మార్సెయ్ ప్రభువు బరాల్‌కిచ్చి చేశారు, ఆయన కొద్దికాలానికే 1192లో పోయాడు. 1197లో కొమ్మింజ్ కౌంటు బెర్నార్‌కిచ్చారు. ఆయన అప్పటికే చేసుకున్న భార్యలు బతికే ఉన్నారు. ఈ పెండ్లి సమయంలో మారీ చేత మోంపెలియె మీద హక్కు వదులుకున్నట్టు రాయించుకున్నారు. కట్నం పుచ్చుకో, వాటా అడగకు. దక్షిణంలో ఇది ఒక్క ఇంటి దౌర్జన్యం కాదు, 1204 నాటి మోంపెలియె పట్టణ ఆచారాల్లోనే ఉంది: తండ్రి కట్నమిచ్చి పెండ్లి చేసిన కూతురు, తండ్రి తనంతట తాను ఇస్తే తప్ప, ఇంకేమీ అడగరాదు.

అంతా సర్దుకున్నట్టే ఉంది. కానీ చర్చి దృష్టిలో యుదోకియా బతికున్నంతకాలం ఆగ్నెస్ భార్య కాదు. ఆమె కొడుకులు అక్రమ సంతానం. వాళ్లను సక్రమం చెయ్యమని గియోమ్ పోప్‌కు అర్జీ పెట్టుకున్నాడు. 1202లో మూడో ఇన్నోసెంట్ కుదరదన్నాడు. ఆ జవాబు తర్వాతి కాలంలో పోప్ అధికారం ఎంతవరకు అనే చర్చల్లో పెద్ద ప్రమాణమై కూర్చుంది, దాని వెనక ఒక పట్టణం కోసం ఒక తండ్రి కూతుర్ని తప్పించబోయిన కథ ఉందన్నది మరుగునపడింది. అదే ఏడు గియోమ్ చనిపోయాడు. కొడుకు గద్దెక్కాడు గానీ పట్టణం వాళ్లు నిలబడనివ్వలేదు. 1204 జూన్‌లో మారీని తమ దొరసానిగా ఒప్పుకున్నారు, అరగాన్ రాజు రెండో పెరెతో పెండ్లి జరిగింది. మూడో పెండ్లి. పెరెకు కావలసింది మోంపెలియె. పట్టణాన్ని తన అప్పులకు తాకట్టు పెట్టి, కొన్నాళ్లకు మారీని వదిలించుకోవాలని చూశాడు. ఆమె రెండో మొగుడు ఇంకా బతికే ఉన్నాడు కనక నా పెండ్లి చెల్లదన్నాడు. బెర్నార్ సంగతి అన్నమాట.

మారీ ఊరుకోలేదు. రోము దాకా పోయి దావా నడిపింది. 1213 జనవరిలో ఇన్నోసెంట్ ఆమెకు అనుకూలంగా తీర్పిచ్చాడు: బెర్నార్‌తో అయినదే పెండ్లి కాదు, పెరెతో అయిందే పెండ్లి. ఆ ఏప్రిల్‌లో ఆమె రోములోనే చనిపోయింది. సెప్టెంబరులో పెరె మ్యురే యుద్ధంలో చనిపోయాడు. మోంపెలియె వాళ్ల కొడుకు జౌమెకు దక్కింది. మారీకి అప్పటికి ముప్పయ్యేళ్లు దాటాయంతే. చర్చి ఆడవాళ్లను ఉద్ధరించిందని ఈ కథతో కొందరు చెప్పబోతారు. నాకట్లా అనిపించదు. ఏ చట్టం ఆమె హక్కును కాపాడిందో, ఆ చట్టాన్నే పట్టుకుని మొగుడు ఆమెను తరిమేయబోయాడు. ఆమెకు దొరికింది రెండు అధికారాలు కొట్టుకునే చోట ఒక సందు. ఆ సందును ఆమె చివరిదాకా వాడుకుంది.

వితంతువుకు ఏముండేది? బోమన్వార్ ప్రకారం, 1214లో ఫిలిప్ ఆగస్టస్ చేసిన ఏర్పాటు వల్ల, పెండ్లినాటికి భర్తకున్న ఆస్తిలో సగం భార్యకు ఆమె బతికినంతకాలం దక్కాలి. నార్మండీలో మూడో వంతు. మనోవర్తి అనుకోండి, కాని కోర్టులో పోట్లాడి తెచ్చుకోగలిగిన మనోవర్తి. కొడుకు గద్దె మీద కూర్చున్నా, సగం భూమి ముసలమ్మ చేతిలో ముప్పయ్యేళ్లు ఉండిపోయిన ఇళ్లున్నాయి. తల్లీకొడుకుల తగాదాలకు అదే మూలం. మళ్లీ పెండ్లి చేసుకుంటే ఆ భూమి మీద అజమాయిషీ కొత్త మొగుడికి. అందుకే పైప్రభువులు వితంతువుల మీద, వారసురాళ్ల మీద కన్నేసి ఉంచేవారు. 1246లో ఆంజూ, మేన్ ప్రాంతాలకు తొమ్మిదో లూయీ చేసిన శాసనం ప్రకారం, కూతుళ్లున్న వితంతువు తన ప్రభువు అనుమతి లేకుండా ఆ పిల్లలకు పెండ్లి చెయ్యనని పూచీ కట్టాలి. పిల్ల పెండ్లంటే భూమి ఎవరి చేతికి పోతుందన్న ప్రశ్నే కదా.

ద్యుబి చెప్పిన చిత్రం మరీ గట్టిగా ఉందని తర్వాతివాళ్లు అన్నారు. షాంపేన్ మీద 2007లో ఎవర్‌గేట్స్ రాసిన పుస్తకం, లువార్ నదీ ప్రాంతం మీద 2010లో ఏమీ లివింగ్‌స్టన్ రాసిన పుస్తకం చూస్తే, చాలా ఇళ్లలో తమ్ముళ్లకూ కూతుళ్లకూ భూమి ముడుతూనే ఉంది, చిన్నకొడుకులు పెండ్లిళ్లు చేసుకుంటూనే ఉన్నారు. దస్తావేజులు ఆ మాటే చెప్తున్నాయి. నాకు ఈ సవరణ సబబుగానే తోస్తుంది. అయితే ఒకటి. వాటా పడ్డ కూతురు కూడా ప్రభువు కూతురే. ఆ వాటా భూమిలో దున్నే మనుషులు కూడా వాటాలో భాగమే. ఆ మనుషుల పెండ్లి, వారసత్వం ఏమిటన్నది ఈ చర్చలో తరచు తప్పిపోతుంది.

సెర్ఫుకు కుటుంబం లేదని కాదు. ఉంది, కాని అది ప్రభువు లెక్కల పుస్తకంలో ఉంది. రెండు నియమాలు చూస్తే చాలు. మొదటిది ఫోర్‌మరియాజ్, అంటే బయటి పెండ్లి. సెర్ఫు తన ప్రభువు మనుషుల్లోనే పెండ్లి చేసుకోవాలి. పక్క ప్రభువు సెర్ఫును చేసుకోవాలంటే అనుమతి కావాలి, డబ్బు కట్టాలి. పుట్టబోయే పిల్లలను ఇద్దరు ప్రభువులు పంచుకుంటారు. మఠాలు ఒకదానికొకటి సెర్ఫు ఆడవాళ్లను మారకం చేసుకున్న కాగితాలున్నాయి: మీ అమ్మాయి మాకు వచ్చింది, బదులుగా మా అమ్మాయిని తీసుకోండి. ప్రభువులకు ఏడు తరాల అవతల పెండ్లి చేసుకోమని చెప్పిన చర్చి, తన సొంత సెర్ఫులకు తన గీత దాటొద్దంది. చిన్న ఊళ్లో అందరూ చుట్టాలే అయిన చోట ఈ రెండూ ఎట్లా పాటించాలి? జరిమానా కట్టి.

రెండోది మెన్‌మోర్త్. మాటకు మాటగా చెప్తే 'చచ్చిన చెయ్యి'. సెర్ఫు చెయ్యి చనిపోయాక దేన్నీ ఎవరికీ అందించలేదని అర్థం. కలిసి ఒకే పొయ్యి మీద వండుకు తినే పిల్లలు లేకుండా సెర్ఫు చనిపోతే ఇల్లు, పొలం, పశువులు ప్రభువుకు పోతాయి. కొడుకు వేరు కాపురం పెట్టుకుంటే వాడు వారసుడు కాడు. కాబట్టి అన్నదమ్ములు, వాళ్ల పెండ్లాలు, పిల్లలు ఒకే కప్పు కింద, ఒకే కుండలో తింటూ ఉండాల్సి వచ్చేది. ఉమ్మడి కుటుంబపు ప్రేమ గురించి రాసేవాళ్లు దీన్ని కొంచెం ఆలోచించాలి. పొయ్యి రెండు కావడమంటే పొలం పోవడం.

1315లో పదో లూయీ రాజు, ప్రకృతి ప్రకారం ప్రతివాడూ స్వేచ్ఛగా పుట్టాలి అని శాసనం రాయించి, తన సెర్ఫులకు స్వేచ్ఛ అమ్మజూపాడు. అవును, అమ్మజూపాడు. యుద్ధానికి డబ్బు కావాలి. కొన్న ఊళ్లున్నాయి, అప్పుచేసి కొని ఆ అప్పుకింద భూమి పోగొట్టుకున్నవాళ్లున్నారు. చాలాచోట్ల సెర్ఫుతనం అట్లా కరిగిపోయింది. తూర్పున జూరా కొండల్లో సెంక్లోద్ మఠం కింద మాత్రం పద్ధెనిమిదో శతాబ్దం దాకా ఉంది. 1770 నుంచి అక్కడి రైతుల తరఫున వోల్టేర్ కరపత్రాలు రాశాడు, క్రిస్తాన్ అనే వకీలు దావాలు నడిపాడు. 1777లో బెజాన్సాన్ కోర్టు రైతుల దావా కొట్టేసింది. 1779లో పదహారో లూయీ తన సొంత భూముల్లో మెన్‌మోర్త్ రద్దుచేశాడు, ఇతర ప్రభువుల భూముల జోలికి పోలేదు. సెంక్లోద్ పాదరీలు వదల్లేదు. 1789 ఆగస్టు 4 రాత్రి వెర్సాయ్‌లో తీర్మానం అయ్యేదాకా అక్కడ పాత ఆచారమే నడిచింది. ఆ ఆచారం ప్రకారం, పెండ్లయిన ఆడపిల్ల మొదటి రాత్రి అత్తవారింట్లో కాక తండ్రి ఇంట్లోనే గడపాలి. అక్కడ గడిపినట్టు సాక్ష్యం లేకపోతే తండ్రి పోయిన రోజున ఆమెకు ఏమీ రాదు, ఆమె వాటా మఠానిది.